పిల్లల వార్డులో ప్రశ్న ఒకరిది, జవాబు ఇంకొకరిది

1956లో ఇంగ్లండ్‌లో ఎసెక్స్ వైపు రోచ్‌ఫర్డ్ జనరల్ హాస్పిటల్ అని ఒకటి ఉండేది, అందులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుని సిస్టర్ వార్డ్ అనే నర్సు చూసుకునేవారు. ఇంక్యుబేటర్ ఉక్కలో పడుకోబెట్టడం కంటే కాస్త ఎండా గాలీ తగిలితే పిల్లలు బాగుంటారని ఆవిడ నమ్మకం, అందుకే ఎండ కాసిన రోజుల్లో పసివాళ్ళని బయటికి తీసుకెళ్ళి కాసేపుంచి, డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చేలోపు గబగబా మళ్ళీ లోపలికి తెచ్చేసేవారు. ఒకరోజు రౌండ్స్‌లో ఓ బిడ్డ బట్ట తీసి చూపిస్తే ఒళ్ళంతా పాలిపోయినట్టుంది, ఒక్కచోట మాత్రం మూడుమూలల ముక్క అతికించినట్టు బాగా పచ్చగా ఉంది. అక్కడేం మందు పూశారు అని డాక్టరు అడిగారు. ఏమీ పూయలేదండీ, ఈ బిడ్డకి కామెర్లు, దుప్పటి కొస కప్పిన చోట పచ్చదనం అలాగే ఉండిపోయింది, ఎండ తగిలిన చోట పోయింది అన్నారు ఆవిడ.

ఆ రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని వారాలకి, కామెర్లున్న ఇంకో బిడ్డ రక్తం ట్యూబు కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయింది, ల్యాబ్‌లో టెస్ట్ చేస్తే బిలిరుబిన్, అంటే కామెర్లలో ఒంటికి పచ్చదనం తెచ్చే పదార్థం, ఉండాల్సిన దానికంటే బాగా తక్కువొచ్చింది, మళ్ళీ కొత్తగా రక్తం తీసి చూస్తే ఎక్కువుంది, ఎండలో ఉన్న పాత ట్యూబునే ఇంకోసారి చూస్తే ఇంకా తగ్గింది. అప్పుడు ముడిపడింది రెండూ. అక్కడి డాక్టర్ క్రెమర్, బయోకెమిస్ట్రీ వాళ్ళు కలిసి వెలుతురుకి బిలిరుబిన్ విరుగుతోందని చూపించి 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. పుట్టగానే కామెర్లొచ్చిన బిడ్డని ఇవాళ ఎక్కడైనా నీలం లైటు కింద పెడుతున్నారంటే దాని మొదలు అది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు, మామూలుగా చెప్పేవాళ్ళు అక్కడే ఆపేస్తారు. పేపర్ వచ్చాక కూడా అమెరికాలో చాలామంది దాన్ని నమ్మలేదు, వాడలేదు. 1968లో వెర్మాంట్ యూనివర్సిటీ పీడియాట్రిక్స్‌లో, అంటే పిల్లల వైద్య విభాగంలో, జెరోల్డ్ లూసీ అనే ప్రొఫెసర్ కొంతమంది పిల్లల్ని లైటు కింద పెట్టి, కొంతమందిని పెట్టకుండా పోల్చి చూసి లెక్కలు ముందు పెట్టాకే అక్కడ ఊపందుకుంది. అంటే చూసింది ఒక నర్సు, పట్టుకుంది ఒక మామూలు హాస్పిటల్, నిలబెట్టడానికి మాత్రం యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ కావాల్సొచ్చింది, మధ్యలో పదేళ్ళు పోయాయి.

అకడమిక్ పీడియాట్రిక్స్ డిపార్ట్‌మెంట్, అంటే వైద్యంతో పాటు చదువు చెప్పడం, రీసెర్చ్ కూడా చేసే పిల్లల విభాగం, దేనికి అనే ప్రశ్నకి మొత్తం జవాబు దాదాపు ఇందులోనే ఉంది. బిడ్డ పక్కన నిలబడితేనే ప్రశ్న పుడుతుంది. కానీ జవాబు కోసం ఆ బిడ్డ మొహం కనపడనంత దూరం జరగాలి, ఎందుకంటే పక్కనే ఉంటే కళ్ళు మోసం చేస్తాయి. ఈ రెండు పనులూ చేసే మనుషుల్ని ఒకే గొడుగు కింద ఉంచడమే ఆ డిపార్ట్‌మెంట్ పని, అది వినడానికి తేలిగ్గానే ఉంటుంది, నడపడమే కష్టం.

లోపల ఎవరుంటారో ఒకసారి చూస్తే. డాక్టర్లలో పిల్లల వైద్యం నేర్చుకుంటున్న రెసిడెంట్లు, వాళ్ళ పైన ఏదో ఒక స్పెషాలిటీ నేర్చుకుంటున్న ఫెలోలు, ఆ పైన అసిస్టెంట్ ప్రొఫెసర్ నుంచి ప్రొఫెసర్ దాకా ఫ్యాకల్టీ. వీళ్ళు కాకుండా ఎంబీబీఎస్ చదవని, పీహెచ్‌డీ చేసిన సైంటిస్టులు కూడా అదే డిపార్ట్‌మెంట్ జీతం మీద ఉంటారు, వాళ్ళు ఎలకల్లో ఊపిరితిత్తులు ఎలా పెరుగుతున్నాయో చూస్తుంటారు, లేదా జీన్లు చదువుతుంటారు, వార్డు గడప తొక్కకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. ఇంకా స్టాటిస్టిక్స్ వాళ్ళు, రీసెర్చ్ నర్సులు, కోఆర్డినేటర్లు. ఫ్యాకల్టీలో మళ్ళీ రెండు రకాలు, ఎక్కువ టైం వైద్యం, చదువు చెప్పడం చేసేవాళ్ళు ఒక వైపు, కొన్ని వారాలు మాత్రమే వార్డు డ్యూటీ చేసి మిగతా టైం ల్యాబ్‌లోనో డేటా ముందో కూర్చునే ఫిజీషియన్ సైంటిస్టులు ఇంకో వైపు. పిల్లల డాక్టర్లకి ఈ ల్యాబ్ పిచ్చి కొత్తదేం కాదు, ఈ.కోలై అని ఇవాళ ప్రతి ల్యాబ్‌లో వినపడే పేరులో ఆ మొదటి అక్షరం ఎషెరిక్ అనే పిల్లల డాక్టరుది, 1885లో ఆయన పసిపిల్లల విరేచనాల్లో దాన్ని కనుక్కున్నాడు. అందరూ ముక్కు మూసుకునే దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టడం ఈ వృత్తిలో మొదట్నుంచీ ఉన్నదే.

పెద్దవాళ్ళ మీద తేలిన దాన్ని తూకం లెక్కన తగ్గించి పిల్లలకి వాడితే సరిపోదా, వేరే రీసెర్చ్ ఎందుకు అని చాలామందికి అనిపిస్తుంది. సరిపోదు అని తెలిసింది చాలా ఖరీదైన పద్ధతిలో. 1950ల్లో నెలలు నిండని పిల్లలకి ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా క్లోరాంఫెనికాల్ ఇచ్చేవాళ్ళు, అది అప్పట్లో మంచి మందు, పెద్దవాళ్ళలో బాగా పనిచేస్తోంది. పిల్లలు ఉన్నట్టుండి పొట్ట ఉబ్బి, ఒళ్ళు బూడిదరంగుకి తిరిగి చనిపోతుంటే నెలలు నిండకపోవడం వల్లే అనుకున్నారు. 1959లో లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్లు పిల్లల్ని గ్రూపులుగా చేసి చూస్తే, ఏ యాంటీబయాటిక్కూ ఇవ్వనివాళ్ళలో చనిపోయింది సుమారు 19 శాతం, క్లోరాంఫెనికాల్ ఇచ్చినవాళ్ళలో 60 శాతం. పసిబిడ్డ లివర్‌కి ఆ మందుని మార్చి బయటికి పంపే ఎంజైమ్ ఇంకా తయారవలేదు, అందుకే మందు ఒంట్లో పేరుకుపోయి గుండెని దెబ్బకొట్టింది. తూకం లెక్క కరెక్టే వేశారు, కానీ బిడ్డంటే చిన్నసైజు పెద్దమనిషి కాదు.

మరి పిల్లల మీద రీసెర్చ్ చెయ్యండి అంటే ఇంకో చిక్కు, రక్తం. నెలలు నిండని కిలో బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం 80, 90 మిల్లీలీటర్లే, చిన్న టీ కప్పు కూడా నిండదు. పెద్దవాళ్ళ దగ్గర ఏ టెస్టుకైనా లాగే 5 మిల్లీలీటర్ల ట్యూబు ఇక్కడ లాగితే బిడ్డ రక్తంలో ఇరవయ్యో వంతుకి పైనే పోయినట్టు. యూరప్‌లో రీసెర్చ్ కోసం తీసే రక్తానికి పెట్టుకున్న హద్దు ఒకసారికి ఒక శాతం, నాలుగు వారాల్లో మొత్తం మూడు శాతం. కిలో బిడ్డకి అంటే ఒకసారికి ఒక మిల్లీలీటరు కంటే తక్కువ. మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుందో తెలుసుకోడానికి పెద్దవాళ్ళ దగ్గర పదిసార్లు రక్తం తీస్తారు, ఇక్కడ ఒక బిడ్డ దగ్గర ఒక చుక్క, ఇంకో బిడ్డ దగ్గర ఇంకో టైంలో ఇంకో చుక్క తీసుకుని, అదీ ఎలాగూ వార్డు టెస్టుకి మడమ గుచ్చినప్పుడు మిగిలింది వాడుకుని, అన్నీ కలిపి లెక్కలతో ఒక గీత గీయాలి. డిపార్ట్‌మెంట్‌లో స్టాటిస్టిక్స్ మనిషికి కుర్చీ ఎందుకేశారో అప్పుడు అర్థమవుతుంది.

కళ్ళు మోసం చేస్తాయి అన్నదానికి ఆక్సిజన్ కథని మించింది లేదు. 1940ల్లో నెలలు నిండని పిల్లలు కొత్తగా ఒక రకం గుడ్డితనంతో మిగిలిపోవడం మొదలైంది, 1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు మొదట రాశాడు. విచిత్రం ఏంటంటే బాగా వసతులున్న హాస్పిటళ్ళలోనే ఎక్కువ. న్యూయార్క్‌లో విలియం సిల్వర్‌మన్ అనే పిల్లల డాక్టరు దగ్గర ఒక బిడ్డకి చూపు పోతుంటే అప్పుడే కొత్తగా వచ్చిన ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఇచ్చారు, చూపు నిలబడింది. ఇంకేం, మిగతావాళ్ళకీ ఇచ్చారు, 31 మందిలో 25 మంది మామూలు చూపుతో ఇంటికెళ్ళారు. అదే ఊళ్ళో ఇంకో హాస్పిటల్‌లో ఆ మందు ఇవ్వని ఏడుగురిలో ఆరుగురికి చూపు పోయింది. ఇంతకంటే రుజువేం కావాలి అని ఎవరైనా అంటారు, ఆ వార్డులో నిలబడి ఉంటే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది?

సిల్వర్‌మన్ బృందం అక్కడ ఆగింది, అదే గొప్పతనం. చీటీలేసినట్టు కొందరికి మందు, కొందరికి లేకుండా చేసి చూస్తే మందు ఇచ్చినవాళ్ళలో మూడోవంతు మందికి చూపు పోయింది, ఇవ్వనివాళ్ళలో ఐదోవంతుకే, పైగా మందు వాడిన వైపు చావులు ఎక్కువ. అసలు సంగతి ఏంటంటే ఆ కంటి మార్పులు మొదట్లో కనపడినా చాలామంది పిల్లల్లో వాటంతటవే తగ్గిపోతాయి, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా. ఆ 25 మందీ మందు వల్ల బాగుపడ్డవాళ్ళు కాదు.

అసలు దోషి ఆక్సిజన్ అని తర్వాత తేలింది. 1953లో అమెరికాలో 18 హాస్పిటళ్ళు కలిసి ఇలాంటి పోలిక పరీక్షే, అంటే ట్రయల్, మొదలుపెట్టి, అవసరం ఉన్నా లేకపోయినా ధారాళంగా ఆక్సిజన్ ఇవ్వడం వల్లే కళ్ళు పోతున్నాయని నిరూపించాయి. అప్పటికే ప్రపంచం మొత్తం మీద పదివేల మంది దాకా పిల్లలు చూపు కోల్పోయారని లెక్క. ఆక్సిజన్ ఎక్కువిచ్చింది నిర్లక్ష్యంగా ఉన్న డాక్టర్లు కాదు, బాగా శ్రద్ధ పెట్టినవాళ్ళే, బిడ్డ రంగు కాస్త గులాబీగా తిరిగితే సంతోషించినవాళ్ళే. దెబ్బకి ఆక్సిజన్ బిగించేశారు, ఈసారి అందక చనిపోయేవాళ్ళు పెరిగారు. మధ్యలో ఎక్కడ ఆగాలి అనేది ఆ తర్వాత యాభై ఏళ్ళకి కూడా తేలలేదు, 2010లో సపోర్ట్ అనే ట్రయల్ 1,316 మంది పిల్లల మీద ఆక్సిజన్ శాచురేషన్, అంటే రక్తం ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో ఆ లెక్క, 85 నుంచి 89 మధ్య ఉంచడం మేలా, 91 నుంచి 95 మధ్యనా అని చూస్తే తక్కువ ఉంచినవాళ్ళలో కళ్ళు బాగున్నాయి, చావులు ఎక్కువున్నాయి. ఆ రెండు రేంజ్‌లూ అప్పటికి రోజూ వార్డుల్లో వాడుతున్నవే, డాక్టర్లు ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకుంటున్నారు. తల్లిదండ్రులకిచ్చిన ఫారంలో రిస్క్ సరిగ్గా రాయలేదని 2013లో పెద్ద గొడవైంది, అందులో న్యాయం ఉంది కూడా. కానీ ట్రయల్ లేని చోట అదే రిస్క్ ఫారమే లేకుండా నడుస్తోంది అన్నది ఆ గొడవలో చాలామందికి వినపడలేదు.

గొడవ పడటానికి పాత కారణాలున్నాయి మరి. న్యూయార్క్‌లో విల్లోబ్రూక్ అనే స్కూల్, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని పెట్టేవాళ్ళు, కిక్కిరిసిపోయి ఉండేది. 1950ల నుంచి 70ల మొదటిదాకా సాల్ క్రుగ్‌మన్ అనే యూనివర్సిటీ పీడియాట్రిక్స్ ప్రొఫెసర్ అక్కడ కొత్తగా చేరే పిల్లలకి కావాలని హెపటైటిస్ అనే లివర్ జబ్బు ఎక్కించి చూశాడు. వాళ్ళకి ఎలాగూ వస్తుంది కదా, మా దగ్గరైతే బాగా చూసుకుంటాం అనేది ఆయన వాదన, తల్లిదండ్రుల సంతకాలూ ఉన్నాయి. హెపటైటిస్‌లో రెండు రకాలున్నాయని గట్టిగా తేలింది అక్కడే, టీకాకి దారి దొరికింది అక్కడే, ఆయనకి తర్వాత లాస్కర్ అవార్డు కూడా వచ్చింది. అయినా ఎలాగూ వస్తుంది అన్నప్పుడు చెయ్యాల్సింది ఆ స్కూల్‌ని బాగుచెయ్యడం, వైరస్ తాగించడం కాదు. సంతకం పెట్టిన తల్లికి ఇంకో దారి ఉందా లేదా అనేది రీసెర్చ్‌లో తప్పొప్పులు చూసే ఎథిక్స్ కమిటీలు ఇవాళ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి. తల్లిదండ్రుల ఒప్పుకోలు ఒక్కటే చాలదు, కాస్త అర్థమయ్యే వయసొచ్చిన బిడ్డని కూడా అడగాలి, బిడ్డ వద్దంటే దానికి విలువుండాలి అనే పద్ధతి ఇలాంటివాటి తర్వాతే గట్టిపడింది.

దూరంగా ఉన్న ల్యాబ్‌కీ బెడ్‌కీ మధ్య నడక సరిగ్గా పడితే ఏమవుతుందో చూడాలంటే లుకేమియా, అంటే రక్తానికొచ్చే క్యాన్సర్, చూడాలి. 1940ల్లో బోస్టన్ పిల్లల హాస్పిటల్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు, అంటే పోస్ట్‌మార్టంలు చేసే డాక్టరు, లుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ తరహా విటమిన్ ఇస్తే జబ్బు తగ్గకపోగా వేగంగా పెరిగినట్టు కనపడింది. ఇంకొకరైతే తప్పు జరిగింది అని మూసేసేవాళ్ళు. ఆయన తిరగేసి ఆలోచించాడు, ఫోలిక్ యాసిడ్ ఇస్తే పెరుగుతోందంటే అది అందకుండా చేస్తే? దానికి ఫోలిక్ యాసిడ్‌లా నటించి దాని పని ఆపేసే మందు కావాలి, అది లెడర్లే కంపెనీ ల్యాబ్‌లో మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ దగ్గర ఉంది, అమినోప్టెరిన్. 1948లో ఫార్బర్ వేసిన పేపర్‌లో 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి తగ్గుముఖం కనపడింది, కొన్ని నెలలే, మళ్ళీ తిరగబెట్టింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. ఆ మందుకి తమ్ముడి వరస అయిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల లుకేమియా ట్రీట్‌మెంట్‌లో ఉంది.

అప్పుడు కొన్ని నెలలు వాయిదా పడిన చావు ఇవాళ వసతులున్న చోట, పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా రకంలో, పదిమందిలో తొమ్మిదిమంది విషయంలో అసలు రావట్లేదు, అది ఒక్క గొప్ప మందు వల్ల అయింది కాదు. పిల్లల క్యాన్సర్ అరుదు, ఒక హాస్పిటల్‌కి ఏడాదికి కొద్దిమందే వస్తారు, ఒంటరిగా ఎవరు ఎన్నేళ్ళు చేసినా ఏ మందు మేలో తేలదు. అందుకే డిపార్ట్‌మెంట్లు ప్రొటోకాల్, అంటే ట్రీట్‌మెంట్ పద్ధతి, ఒకటే పెట్టుకుని కలిసి పనిచెయ్యడం నేర్చుకున్నాయి, 2000లో అమెరికాలో నాలుగు గ్రూపులు కలిసిపోయి చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ అయింది, అందులో రెండొందలకి పైగా హాస్పిటళ్ళున్నాయి. మొదట ఉన్న మందుల్నే ఏది ముందు, ఏది తర్వాత, ఎంత డోసు, ఎన్ని నెలలు అని ట్రయల్ మీద ట్రయల్ చేసుకుంటూ వచ్చారు. న్యూస్ పేపర్లో హెడ్డింగ్ అయ్యే పని కాదిది.

ఇంకో చిక్కు ఏంటంటే జవాబు దొరికినా వార్డుదాకా రావడానికి ఏళ్ళు పడుతుంది. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల్లో కాన్పు ఎలా మొదలవుతుందో చూస్తూ కడుపులో ఉన్న పిల్లకి స్టెరాయిడ్ ఇచ్చాడు, అది నెలలు నిండకుండానే పుట్టేసింది, ఆ వయసుకి ఊపిరి అందక చచ్చిపోవాల్సింది, పొద్దున వచ్చి చూస్తే ఊపిరి పీలుస్తోంది. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో గాలి ఉంది. పిల్లల డాక్టర్ హోవీతో కలిసి 282 మంది తల్లుల మీద ట్రయల్ చేసి 1972లో వేశారు, నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి ముందే ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డకి ఊపిరి కష్టం తగ్గుతోంది, చావులూ తగ్గుతున్నాయి. అమెరికాలో అందరూ వాడండి అని గట్టిగా చెప్పింది 1994లో. ఇరవై రెండేళ్ళు! ట్రయల్స్ అన్నీ పోగుచేసి తేల్చే కాక్రేన్ అనే సంస్థ లోగోలో కనపడే ఆ అడ్డగీతలు ఈ మందు మీద జరిగిన ట్రయల్స్ లెక్కలే, సాక్ష్యం ముందు పెట్టుకుని వాడకపోతే ఎంతమంది పోతారో గుర్తుండటానికి పెట్టుకున్నారు.

ఇక డబ్బు, టైం. ఇవి రెండూ ఒకటే నిజానికి. డిపార్ట్‌మెంట్‌కి రాబడి ఎక్కువగా వైద్యం నుంచే వస్తుంది, పిల్లల వైద్యంలో కోతలూ ప్రొసీజర్లూ తక్కువ, తల్లితో మాట్లాడి నచ్చజెప్పడం ఎక్కువ, మాట్లాడినదానికి బిల్లు పెద్దగా రాదు. కాబట్టి రీసెర్చ్ చేసే డాక్టరు వార్డుకి దూరంగా కూర్చున్న ప్రతి గంటకీ ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. అమెరికాలో వైద్య రీసెర్చ్‌కి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్, రీసెర్చ్‌లో ఎదుగుతున్నవాళ్ళకిచ్చే కె అవార్డుల్లో మామూలుగా షరతే అది, డబ్బు తీసుకుంటే ఆ డాక్టరు టైంలో 75 శాతం రీసెర్చ్‌కే వదలాలని డిపార్ట్‌మెంట్ రాసివ్వాలి. కాగితం మీద 75 బాగానే ఉంటుంది. చలికాలంలో పసిపిల్లల ఊపిరితిత్తుల్ని పట్టే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వచ్చి వార్డు నిండిపోయి, ఇద్దరు డాక్టర్లు సెలవులో ఉంటే ముందు కరిగేది అదే 75. ఎవరూ కుట్ర చెయ్యరు, ఎదురుగా ఏడుస్తున్న బిడ్డ ఉంటే ఎక్కడో రాబోయే పదేళ్ళ తర్వాతి బిడ్డ కోసం పేపర్ రాసుకుంటా అని ఎవరంటారు? అందుకే ఆ గంటలు కాపాడటం ఆ డాక్టరు మంచితనం మీద వదిలేస్తే లాభం లేదు, హెడ్ గట్టిగా ఉండాలి, లేదంటే నలభై ఏళ్ళు వచ్చేసరికి మంచి ప్రశ్నలున్న మనిషి కాస్తా ప్రశ్నలడిగే అలవాటు పోయిన మంచి డాక్టరుగా మిగులుతాడు.

ప్రమోషన్ లెక్క కూడా ఇలాంటిదే. పేపర్‌లో మొదటి పేరో చివరి పేరో ఉంటే లెక్కలోకొస్తుంది, మధ్యలో నలభయ్యో పేరైతే ఎవరూ చూడరు, కానీ పిల్లల రీసెర్చ్ ఉన్నదే వందమంది కలిస్తే తప్ప జరగని పని. కలిసి చెయ్యమంటారు, విడివిడిగా మార్కులేస్తారు.

టైం ఎంత పొడుగ్గా సాగుతుందో చూడాలంటే కెఫీన్ ట్రయల్. నెలలు నిండని పిల్లలు మధ్యమధ్యలో ఊపిరి ఆపేస్తారు, దానికి కెఫీన్ ఇవ్వడం అప్పటికే అలవాటు, మంచో చెడో గట్టిగా ఎవరికీ తెలీదు. 1999లో చేర్చుకోవడం మొదలుపెట్టి 2006 మంది పిల్లలయ్యాక ఆపారు, మొదటి పేపర్ వచ్చింది కూడా 2006లోనే, ఆ అంకె అలా కుదిరింది. కెఫీన్ ఇచ్చినవాళ్ళలో ఊపిరితిత్తుల దెబ్బ తగ్గింది. అక్కడితో ఆపొచ్చు, ఆపలేదు. ఏడాదిన్నర వయసులో చూశారు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని చేతులూ కాళ్ళూ సరిగ్గా కదలకపోవడం, తక్కువుంది. ఐదేళ్ళకి చూస్తే తేడా చాలావరకు చెరిగిపోయింది. పదకొండేళ్ళకి మళ్ళీ వెతికి పట్టుకుని పరీక్ష పెడితే చదువు, తెలివి, ప్రవర్తన విషయంలో రెండు వైపులా ఇంచుమించు ఒకటే, చేతులూ కాళ్ళూ కదిపే పనుల్లో మాత్రం కెఫీన్ వైపు ఇబ్బంది తక్కువ.

పదకొండేళ్ళ తర్వాత వెతికి పట్టుకోవడం అంటే మాటలు కాదు. ఇళ్ళు మారతారు, ఫోన్ నంబర్లు మారతాయి, కొందరు తల్లిదండ్రులు విడిపోతారు, కొందరికి ఆ ఐసీయూ రోజులు గుర్తుచేసుకోవడమే ఇష్టం ఉండదు. ఇలాంటి ట్రయల్స్‌లో ఏటా పుట్టినరోజుకి కార్డు పంపడం, బంధువుల నంబరు ముందే రాసి పెట్టుకోవడం, ఎత్తకపోతే మళ్ళీ సాయంత్రం చెయ్యడం, ఇవన్నీ కోఆర్డినేటర్ పని. ఒకప్పుడు చెయ్యంత బిడ్డ ఇప్పుడు స్కూల్ బ్యాగుతో వచ్చి, బోర్డు మీద చిన్న చిన్న పుల్లలు రంధ్రాల్లో పెట్టి చూపించి, ఎంతసేపటికి పూర్తిచేశాడో సెకన్లలో రాయించుకుని, నన్నెందుకు పిలిచారు అని అడుగుతాడు.